టమాటాలు ఏరినవాళ్ళం

2019 నవంబరులో నేను తిరుమలలో ఏడు రోజులు శ్రీవారి సేవ చేసి కొండ దిగాను. మా సొంతూరు చిత్తూరు. ఉద్యోగం మాత్రం తిరుపతిలో, ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. చిత్తూరులో నాతో చదువుకున్న స్నేహితులు జట్టుగా సేవకు పేర్లిస్తుంటే నా పేరూ ఇచ్చాను. కొన్ని రోజులు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో వేశారు, మిగతావి వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో. కంపార్ట్‌మెంట్లలో గంటల కొద్దీ కూర్చున్న పిల్లలకు పాలు, పెద్దవాళ్ళకు మంచినీళ్ళు అందించాం. ఒక అవ్వకు కళ్ళు తిరిగితే నేనే పట్టుకుని బయటికి నడిపించి, డాక్టరు చూసేదాకా పక్కనే కూర్చున్నాను. ఆమె నా తల నిమిరి "నీ కడుపు చల్లగుండ నాయనా" అంది. ఆ మాట చెవిలో పెట్టుకునే బస్సెక్కాను.

బస్టాండు స్టాండులో పెట్టిన బండి తీసుకుని కరకంబాడి రోడ్డు మీదుగా ఇంటికి బయల్దేరాను. సన్నగా తుంపర పడుతోంది. సేవకులకిచ్చే స్కార్ఫ్ ఇంకా మెడలోనే ఉంది. ఒకచోట జనం గుమిగూడి ఉన్నారు. డివైడర్ పక్కన ఒక పెద్దాయన పక్కకు తిరిగి పడి ఉన్నాడు. ఆయన టీవీఎస్ ఎక్సెల్ నాలుగడుగుల దూరంలో పడి, వెనక చక్రం ఇంకా మెల్లగా తిరుగుతోంది. గుద్దిన బండి పోయింది. హ్యాండిల్‌కు తగిలించిన గోతం సంచి చినిగి టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

నేను బండి ఆపి దిగాను. అప్పటికే పాతికమంది ఉంటారు, నేను వాళ్ళ వెనకాల నిలబడ్డాను. పెద్దాయన చెవి పక్కనుంచి రక్తం సన్నటి దారంలా తుంపర నీళ్ళలో కలిసి పోతోంది. ఆయన కుడిచెయ్యి వేళ్ళు రోడ్డుమీద ఏదో వెతుకుతున్నట్టు కదులుతున్నాయి. "అయ్యో, ఎవురో పాపం" అన్నారొకరు. "నూటెనిమిదికి చేసినారా?" అని ఇంకెవరో అడిగారు. "చేసే ఉంటారులే, వస్తాదిలే" అని ఒక గొంతు. ఆ గొంతు ఎవరిదో నేను చూడలేదు, చూడాల్సిన అవసరమూ కనపడలేదు.

అప్పుడు ఒకాయన వంగి ఒక టమాటా తీసి సంచి దగ్గర పెట్టాడు. ఇంకొకాయన రెండు తీశాడు. కాసేపటికి నలుగురైదుగురం వంగి ఏరుతున్నాం. నేను మూడు ఏరాను. ఒకటి చిట్లి నా చేతికి గింజలంటుకుంటే రుమాలుతో తుడుచుకున్నాను కూడా. చినుగు కిందికి రాకుండా సంచిని జాగ్రత్తగా ఒరిగించి పెట్టాం. ఆ సంచికీ ఆయన వేళ్ళకూ మధ్య రెండు జానల దూరం ఉంటుంది. ఆ రెండు జానలూ మాలో ఒక్కరమూ దాటలేదు.

తర్వాత నేను వెళ్ళిపోయాను. నేను ఆగగానే మా ఆవిడ ఫోన్ చేసింది, బయల్దేరేటప్పుడు నేను తిరిగి చేశాను. ఫోన్లో ఆ రెండు కాల్స్ మధ్య తేడా ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాలు నేనక్కడ ఉన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆ దారిన పోతూ అక్కడి టీ అంగడి దగ్గర ఆగి అడిగాను. అంగడాయన చెప్పింది ఇదీ: నూటెనిమిదికి ఫోన్ పోయింది చాలా ఆలస్యంగా. షిఫ్టు ముగించుకుని నడిచి వస్తున్న ఒక అమ్మాయి జనాన్ని తోసుకుని వచ్చి, "ఎవురు చేసినారన్నా ఫోను?" అని ఒక్కొక్కరి మొహం చూసి అడిగిందట. ఎవరూ చేయలేదని అప్పుడు బయటపడింది. "అందురూ ఇంకొగరు చేసినారనే అనుకోనుండారు సార్. నేనూ అట్లే అనుకోనుంటి" అన్నాడాయన, గ్లాసులు కడుగుతూ. పెద్దాయన ఏమయ్యాడని అడిగాను. "ఎత్తేటప్పుడు కదల్తానే ఉన్న్యాడు" అన్నాడు. నాకు తెలిసింది అంతే. ఇప్పటికీ అంతే.

ఈ విషయం ఇంట్లో చెప్పలేదు. ఎవరైనా రోడ్డు ప్రమాదాల మాటెత్తితే నేనే ముందు అందుకునేవాణ్ణి: "మనమెట్ల ముట్టుకుంటాం? పోలీసులు, సాక్ష్యాలు, కోర్టు చుట్టూ తిరగడం. చేసినోడే ఇరుక్కుంటాడు." ఎన్నోసార్లు అన్నాను. విన్నవాళ్ళందరూ తలూపారు. తలూపని మనిషి మా అమ్మాయి ఒక్కతే. ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చదువుతోంది. 2022లో ఒక రాత్రి అన్నం తింటూ నేను అదే పాట ఎత్తుకుంటే, "నాయనా, నువ్వు ఎప్పుడన్నా ఒకర్ని తీసుకునిపొయ్యి ఇరుక్కున్యావా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఎవురు ఇరుక్కున్నింది చూసినావు?" అంది. నా దగ్గర ఒక్క పేరు లేదు. అప్పుడు చెప్పాను, టమాటాలతో సహా.

ఆ పిల్ల తిట్టలేదు. తినడం ఆపేసి, "అక్కడ నిలబడున్నెప్పుడు నీకు పోలీసోళ్ళు గుర్తొచ్చినారా?" అంది.

గుర్తు రాలేదు. ఈ ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ఆ ఎనిమిది నిమిషాల్లో పోలీసు అన్న మాటే నా తలలో లేదు. కోర్టు లేదు. నేను చూస్తున్నది పక్కవాళ్ళ మొహాలు. వాళ్ళు కదల్లేదు కాబట్టి కదలాల్సినంత అవసరం లేదేమో అనుకున్నాను, కదిలితే అందరూ నన్నే చూస్తారనుకున్నాను. పోలీసు భయం ఇంటికి వచ్చి స్నానం చేసి స్కార్ఫ్ కొక్కేనికి తగిలించాక పుట్టింది. మూడేళ్ళు దాన్ని సాకాను.

తర్వాత కొన్ని వారాలు మా ఇంట్లో రాత్రిపూట ఇవే మాటలు. మా అమ్మాయి తను చదివినవి చెప్పేది. అమెరికాలో 1964 మార్చి 13న న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతిని తన అపార్ట్‌మెంటు దగ్గరే ఒకడు కత్తితో పొడిచి చంపాడు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని అక్కడి ప్రసిద్ధ పత్రిక రాసింది. లోకమంతా ఆ మాటే నమ్మింది. అంతమంది అంతా చూడనేలేదనీ, కొందరికి అరుపు మాత్రమే వినపడిందనీ తర్వాత తేలింది. తన కథనంలో లోపాలున్నాయని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. పొరుగింటావిడ ఒకామె హంతకుడు ఇంకా అక్కడున్నాడో లేదో తెలియకుండానే కిందికి పరుగెత్తి, ప్రాణం పోతున్న ఆ పిల్లను ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. అన్నేళ్ళపాటు 38 మందినే చెప్పుకున్నారు, ఆ ఒక్క ఆవిడను వదిలేశారు. నాకు అది బాధనిపించింది. కరకంబాడి రోడ్డులో జనాన్ని తోసుకుని వచ్చిన ఆ అమ్మాయి పేరు కూడా టీ అంగడాయనకు తెలియదు.

ఆ హత్య వార్త చదివిన బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1968లో తమ పరీక్షల ఫలితాలు అచ్చువేశారు. ఒక గదిలో విద్యార్థి ఒక్కణ్ణే కూర్చోబెట్టి, మైకులో అవతలి గదివాడు మూర్ఛ వచ్చినట్టు గిలగిల్లాడేది వినిపించారు. వింటున్నది తనొక్కడే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది మూర్ఛ ఆగేలోపే లేచి పోయారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని నమ్మినవాళ్ళలో 31 శాతమే లేచారు. ఇంకో పరీక్షలో గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్న నలుగురిలో ముగ్గురు పోయి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చునుంటే, పదిమందిలో ఒక్కడే లేచాడు. మిగిలినవాళ్ళు కళ్ళు నలుపుకుంటూ, పొగ చేత్తో తోసుకుంటూ తమ కాగితాలు నింపుకుంటూ కూర్చున్నారు.

మా అమ్మాయి ఇంకో మాట చెప్పింది. మూర్ఛ పరీక్షలో లేవనివాళ్ళు రాతిగుండెవాళ్ళేం కాదట. తర్వాత గదిలోకి పోయి చూస్తే వాళ్ళ చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమట పట్టాయి, "ఆ అబ్బాయికి ఏం కాలేదు కదా?" అని అడిగారు. విని నేను నా అరచేతులు చూసుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బండి హ్యాండిల్ వదిలితే వేళ్ళు తిన్నగా రాలేదు.

మా అవ్వ చెప్పే కథ గుర్తొచ్చింది. రాజుగారు కొత్త చెరువు తవ్వించి, రాత్రికి ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ ఒక్కో చెంబు పాలు పోయాలన్నాడు. తెల్లారి చూస్తే చెరువు నిండా నీళ్ళు. అందరూ పాలు పోస్తారు కదా, నా ఒక్క చెంబు నీళ్ళు ఎవరికి తెలుస్తాయని అందరూ అనుకున్నారు. చిన్నప్పుడు ఆ కథ మోసం గురించి అనుకునేవాణ్ణి. కానీ ఆ ఊరి జనం చెడ్డవాళ్ళు కారు. చెరువులో పాలు లేకుండా పోవాలని ఒక్కరూ కోరుకోలేదు. ఎవరి చెంబు వాళ్ళు చూసుకున్నారు, అంతే. "ఎవరికి పుట్టిన బిడ్డరా, వెక్కి వెక్కి ఏడుస్తోంది" అని సామెత కూడా మనదే. బిడ్డ ఏడుపు అందరికీ వినపడుతూనే ఉంది.

నన్ను బాగా కుదిపింది మాత్రం పాదిరీ చదువు చదివే విద్యార్థుల మీద చేసిన పరీక్ష. ప్రిన్స్‌టన్‌లో డార్లీయే బాట్సన్ అనే ఇంకొకాయనతో కలిసి చేశాడు, 1973లో అచ్చయింది. బైబిల్లో ఒక కథ ఉంది. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి పూజారి పక్కనుంచి పోతాడు, గుడి సేవకుడూ పోతాడు, పరాయి జాతివాడైన సమరయుడు మాత్రం ఆగి గాయాలకు కట్టు కడతాడు. ఈ కథ మీద మాట్లాడమని కొందరు విద్యార్థులను, వేరే విషయం మీద మాట్లాడమని మరికొందరిని పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉండేట్టు ఏర్పాటు చేశారు. నిదానంగా పోయినవాళ్ళలో 63 శాతం మంది ఆగారు. "ఆలస్యమైంది, తొందరగా పో" అని చెప్పి పంపినవాళ్ళలో ఆగింది 10 శాతం. ఏ విషయం మీద మాట్లాడబోతున్నారన్నది పెద్దగా తేడా చేయలేదు. సమరయుడి కథను మనసులో వల్లె వేసుకుంటూనే ఆ మనిషిని దాటుకుని పోయినవాళ్ళున్నారు.

నా మెడలో స్కార్ఫ్ ఉంది.

"నీ తప్పేమీ లేదు నాయనా, అందురూ అట్లే చేస్తారు" అని మా అమ్మాయి నాకు ఊరట కలగాలనే ఈ లెక్కలన్నీ చెప్పింది. నాకు ఊరట కలగలేదు, నేను దాన్ని తీసుకోనూ లేదు. 31 శాతం మంది లేచారు కదా. తొందరలో ఉండి కూడా 10 శాతం మంది ఆగారు కదా. వాళ్ళకూ అదే గది, అదే దారి. పైగా ఈ మధ్య లాంకాస్టర్, ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్ నగరాల్లో వీధి కెమెరాలకు చిక్కిన 219 గొడవల్ని పరిశీలిస్తే, పదింట తొమ్మిదిసార్లు ఎవరో ఒకరు అడ్డుపడ్డారట. జనం ఎక్కువున్న కొద్దీ ఎవరో ఒకరు కదిలే అవకాశం పెరిగిందట. గుంపు అంటేనే రాయి అనుకోవడం తప్పు. ఆ గుంపులో నేనేంటి అన్నదే నా ప్రశ్న.

కొండ మీద ఏడు రోజులు నేను బాగానే చేశాను, అది అబద్ధం కాదు. కానీ అక్కడ నాకు డ్యూటీ వేశారు. ఎక్కడ నిలబడాలో చెప్పారు. చేతిలో జగ్గు పెట్టారు. ఆ అవ్వకు కళ్ళు తిరిగింది నాకు కేటాయించిన వరసలో. కరకంబాడి రోడ్డులో నాకెవరూ డ్యూటీ వేయలేదు. ఎవరూ పని అప్పగించని చోట నేను చేసింది టమాటాలు ఏరడం. నా గుణం ఏంటని ఎవరైనా అడిగితే ఆ ఏడు రోజులూ చూపించుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది నిమిషాలు కూడా చూపించాలి.

ఆ ఏడాదే మా అమ్మాయి నన్ను ఒక ప్రథమ చికిత్స శిక్షణకు లాక్కెళ్ళింది. ఒక్క రోజు. నేర్చుకున్నవి నాలుగే ముక్కలు: ఊపిరి ఆడుతోందా చూడడం, కారే రక్తం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమడం, మెడ కదలనివ్వకపోవడం, నీళ్ళు తాగించకపోవడం. నేర్పినాయన చివర్లో చెప్పిన మాట ఇవన్నిటికంటే నాకు పనికొచ్చింది. "గుంపును చూసి 'ఎవరైనా ఫోన్ చేయండి' అనొద్దు. ఒకర్ని చూపించి, చొక్కా రంగు చెప్పి పిలవండి" అన్నాడు.

2023 జూన్‌లో చంద్రగిరి వైపు పనిమీద పోతున్నాను. తొండవాడ దాటాక మలుపులో ట్రాక్టరు నుంచి జారిన ఇసుక రోడ్డు మీద పరుచుకుని ఉంది. నా ముందు పోతున్న బైకు ఆ ఇసుక మీద జారి, కుర్రాడు పల్టీ కొట్టి పడ్డాడు. కాలేజీ పిల్లాడు, ఇరవై ఏళ్ళుంటాయి. హెల్మెట్ పెట్టుకున్నాడు, అదొక అదృష్టం. నేను బండి ఆపి స్టాండు వేసేలోపే ఏడెనిమిది మంది చేరారు. నా కాళ్ళు మళ్ళీ ఆ పాత చోటే వెతుక్కున్నాయి, అందరికీ వెనకాల. ఇది దాచను. తెలిసినదంతా తెలిసి కూడా రెండు మూడు క్షణాలు ఆగాను. తర్వాత పక్కవాళ్ళ మొహాలు చూడకుండా తల వంచుకుని నడిచాను. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను.

మోకాలు రోడ్డుకు తగిలాక మిగతాదంతా సులువు. ఇది నిజంగా ఇంతే.

"ఎర్ర టీ షర్టు తమ్ముడూ, నువ్వే, నూటెనిమిదికి చెయ్. చేసినాక నాకు చెప్పు" అన్నాను. అతను వెంటనే ఫోన్ తీశాడు. ఎక్కడ, ఎంతమందికి దెబ్బలు, స్పృహ ఉందా, దగ్గర్లో గుర్తు ఏముంది అని అవతలివాళ్ళు అడుగుతుంటే ఒక్కొక్కటే పైకి చెప్పి నా వైపు చూశాడు, నేను జవాబులిచ్చాను. ఇంకొకాయన్ను మలుపు దగ్గర నిలబడి వచ్చే బండ్లను ఆపమన్నాను. ఒక పెద్దాయన నీళ్ళ బాటిల్ మూత తీసి వంగితే, "వద్దు సామీ, ఆపరేషన్ చేయాల్సొస్తే కష్టం, గొంతులో అడ్డం కూడా పడతాది" అన్నాను. ఇంకొకరు తాళాలు తెచ్చి పిల్లాడి గుప్పిట్లో పెట్టబోయారు, మూర్ఛ అనుకుని. హెల్మెట్ లాగబోయిన అబ్బాయిని ఆపాను. ఊపిరి ఆడుతోంది, మాట వస్తోంది, అలాంటప్పుడు మెడకు దెబ్బ ఉందో లేదో తెలియకుండా లాగకూడదు. అద్దం మాత్రం పైకెత్తాను. "అన్నా, కాలు, కాలు" అంటున్నాడు. తొడ మీద ప్యాంటు చీరుకుని రక్తం కారుతోంది. నా తువ్వాలు మడిచి పెట్టి అదిమాను.

నీళ్ళు తెచ్చినవాళ్ళు, తాళాలు తెచ్చినవాళ్ళు, హెల్మెట్ లాగబోయినవాళ్ళు, అందరూ సాయం చేయాలనే వచ్చారు. ఒక మనిషి కూర్చుంటే చాలు, మిగతావాళ్ళు కూర్చోడానికి సిద్ధంగానే ఉన్నారు. ఒక ఆయమ్మ గొడుగు తెచ్చి పిల్లాడి మొహానికి నీడ పట్టింది, అంబులెన్సు వచ్చేదాకా చెయ్యి దించలేదు.

అంతలో పిల్లాడి జేబులో ఫోన్ మోగింది. తీశాను. అద్దమంతా సాలెగూడులా పగిలి ఉంది, దాని కింద "అమ్మ" అని వెలుగుతోంది. ఎత్తాలా వద్దా? ఎత్తాను. "ఏం నాయనా, కాలేజీకి చేరినావా?" అంది ఆమె. నా గొంతు విని ఆగిపోయింది. "అమ్మా, నేను రోడ్డుమీద పోయేవాణ్ణి. మీవోడు బండి మీదనుంచి పడినాడు. మాట్లాడతా ఉండాడు. కాలికి దెబ్బ. అంబులెన్సు వస్తా ఉంది. నేను పక్కనే ఉండా, మీరొచ్చేదాకా ఉంటా" అన్నాను. చివరి మాట ముందుగా అనుకున్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. ఆమె ఏడవలేదు. "ఒక్కసారి వాని చెవి దగ్గిర పెట్టు నాయనా" అంది. పెట్టాను.

ఆ మాట అన్నాను కాబట్టి అంబులెన్సు వెంట ఆసుపత్రికి పోయాను. పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళగానే కౌంటర్లో ఒకాయన నన్ను పట్టుకున్నాడు. "మీరేమవుతారు? ఆధార్ ఇవ్వండి. అడ్వాన్సు ఎవరు కడతారు? మీరిక్కడే ఉండాలి." గొంతు పెంచి అడుగుతున్నాడు. అదే పాత భయం మెడ మీదికి వచ్చింది. కానీ మా అమ్మాయి ఫోన్లో పంపిన పేజీ నా దగ్గరుంది, నేను దాన్ని పదిసార్లు చదివాను. ప్రమాదంలో గాయపడినవాళ్ళకు ముందు చికిత్స, తర్వాతే మిగతావని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సాయం చేసినవాళ్ళను వేధించకూడదన్న మార్గదర్శకాలకు అదే కోర్టు 2016 మార్చి 30న చట్టంతో సమానమైన బలం ఇచ్చింది. అంటే నేను టమాటాలు ఏరిన సాయంత్రానికే ఆ తీర్పు వచ్చి మూడేళ్ళు దాటింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది, 2020 సెప్టెంబరులో నియమాలు వచ్చాయి. తీసుకొచ్చినవాడు పేరు చెప్పాల్సిన పని లేదు, డబ్బు కట్టాల్సిన పని లేదు, ఆసుపత్రిలో ఆపకూడదు. ఆ హక్కులు ఆసుపత్రి గుమ్మం దగ్గర అందరికీ కనపడేట్టు స్థానిక భాషలో కూడా రాసిపెట్టాలి. నేను గుమ్మం దాకా పోయి చూసి వచ్చాను. అక్కడ చెప్పుల స్టాండు పైన ఆరోగ్య బీమా కంపెనీల జాబితా ఉంది, ఇది లేదు.

"నేను ఏమీ కాను సార్, రోడ్డుమీద పోయేవాణ్ణి. డబ్బు కట్టను. పేరు, ఫోన్ నంబరు నా ఇష్టంతో ఇస్తా. వాళ్ళమ్మ వస్తా ఉంది, ఆమె కోసం ఉంటా, మీకోసం కాదు" అన్నాను. గొంతు వణికింది. పక్క టేబుల్ దగ్గరి నర్సమ్మ తలెత్తి, "ఆయన్ని వదిలేయండి, చట్టముంది" అంది. ఆ మాటతో అయిపోయింది. ఇన్నేళ్ళు కొండంత చేసుకున్న భయం మూడు నిమిషాల్లో తేలిపోయింది. వాళ్ళమ్మ గంటన్నరకు వచ్చింది. ఆమె కొంగుకు ఇంకా పిండి అంటుకుని ఉంది.

పోలీసులు మర్నాడు ఫోన్ చేశారు. చూసింది చెప్పడానికి ఒప్పుకుంటే ఒక్కసారే అడగాలి, మనకు వీలైన చోటికి వాళ్ళే రావాలి, అదీ మామూలు బట్టల్లో. కానిస్టేబుల్ మా షాపుకే వచ్చాడు. ఇసుక ఎక్కడ పడి ఉంది, బండి ఎటు జారింది అడిగి రాసుకున్నాడు. అరగంట పని. టీ తాగి, "మీలాంటోళ్ళు ఇంకా ఉండాలి సార్" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు.

అలా సాయం చేసినవాళ్ళకు కేంద్రం 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టింది, దాన్ని 2025లో 25,000 చేసింది. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స పథకం కూడా 2025లోనే వచ్చింది. రెండోది నిజంగా మేలు చేసేది, అడ్వాన్సు ఎవరు కడతారన్న ఆ ప్రశ్నను అది తీసేస్తుంది. మొదటిదాని మీద నాకు నమ్మకం తక్కువ. ఆ టీ అంగడి ముందు నిలబడిన పాతికమందిలో ఏ ఒక్కరమూ డబ్బు లేక ఆగలేదు.

ఇంకొకాయన గురించి చెప్పాలి. తొండవాడ దగ్గర నేను గుడ్డ అదిమి కూర్చున్నప్పుడు, గుంపుకు అందరికంటే వెనకాల ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. బ్యాగు పట్టీని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, వేళ్ళ కణుపులు తెల్లబడేంతగా. ముందుకు రావడం లేదు, వెళ్ళిపోవడమూ లేదు. నాకు ఆ నిలబడడం తెలుసు.

"అన్నా, నీలం చొక్కా అన్నా, మీరు రండి. నా చేతులు నొప్పెత్తుతున్నాయి, ఈ గుడ్డ పట్టుకోండి" అన్నాను.

నా మాట పూర్తి కాకముందే బ్యాగు కింద పెట్టేశాడు. వచ్చి కూర్చుని, నా చేతుల మీద చేతులు పెట్టి, నేను మెల్లగా నావి తీసేదాకా అదిమాడు. చొక్కా కఫ్ ఎర్రబడింది, చూసుకోలేదు. "గట్టిగానా, ఇంత చాలునా?" అని రెండుసార్లు అడిగాడు. అంబులెన్సు వచ్చేదాకా, పదిహేను నిమిషాలకు పైనే, అలాగే ఉన్నాడు. పిల్లాణ్ణి ఎత్తాక నా నంబరు అడిగి తీసుకున్నాడు. తన పేరు చెప్పలేదు.

ఆ రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"సార్, పొద్దున గుడ్డ పట్టుకున్నోణ్ణి. ఎట్లుండాడు సార్ ఆ పిల్లోడు?"

"బాగుండాడన్నా. కాలికి రాడ్డు వేస్తారంట. వాళ్ళమ్మొచ్చింది. మాట్లాడతా ఉండాడు" అన్నాను.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "మళ్ళీ రేపు చేస్తా సార్" అని పెట్టేశాడు. మర్నాడు చేశాడు. ఆ పై ఆదివారం కూడా చేశాడు.